గుట్ట మీద నీళ్ళ తొట్టి

నాకు భయమేస్తే కోపం వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. పాము కనపడితే పక్కనున్న వాళ్ళను తిడతాను. ఆసుపత్రిలో సూది చూస్తే నర్సమ్మ మీద అరుస్తాను. "మా పాప అరస్తాందంటే గుండెల్లో దడ పట్టినట్టే లెక్క" అని మా నాయన ఊరంతా చెప్పేవాడు. కాబట్టి ఇందులో నేను ఎవరి మీదనైనా గట్టిగా నోరు పారేసుకున్నట్టు కనపడితే, అక్కడ నాకు కాళ్ళు వణికాయని అర్థం చేసుకోండి.

మా ఊరు పెనుకొండ దాటి ధర్మవరం పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. ఊరి వెనకే గుట్ట. పెనుకొండ కొండలాగా కోటలూ బురుజులూ ఉన్నది కాదు, చూడ్డానికి ఎవరూ రారు. రాళ్ళు, తంగేడు పొదలు, బోద గడ్డి, అంతే. మా తాతలు దూది ఏకి పరుపులు కుట్టినవాళ్ళు. పరుపులు అంగళ్ళలో తయారుగా దొరకడం మొదలయ్యాక నాయన దూది ఏకే విల్లు అటక మీద పెట్టి మేకలు కొన్నాడు. అప్పటి నుంచి ఆ గుట్ట మాకు పెరడు లాంటిది. అమ్మ పోయింది, తర్వాత నా పెనిమిటి పోయాడు. పిల్లలు లేరు. నేను తిరిగి నాయన ఇంటికే వచ్చాను. ఇద్దరమే ఉంటాం, పొద్దస్తమానం ఒకరినొకరు దెప్పుకుంటూ.

ఏటా ఎండలు ముదిరే ముందు గుట్టకు అగ్గి పెట్టడం మా వైపు మేకల వాళ్ళకు అలవాటు. ఎండిన బోద కాలిపోతే, తొలి వాన పడగానే నల్లటి నేలలోంచి లేత గడ్డి లేస్తుంది. దానికోసం. మేకలు ఏడాదంతా కొరికి గడ్డిని పొట్టిగా ఉంచేవి కాబట్టి ఆ మంట మోకాలు దాటేది కాదు. చిన్నప్పుడు నేనూ వెంట పోయేదాన్ని. మంట ముందు పోతుంటే, నాయన దాని వెనక కాలిన నేల మీద నడుస్తూ, పోకూడని వైపు పోతే కానుగ కొమ్మతో కొట్టి ఆర్పేవాడు. "అగ్గికి ఎదురు పోగూడదు పాపా. దాని ఎనకాలే ఉండాల. కాలిన నేల మల్ల కాలదు" అనేవాడు. గుట్టను కాల్చడం తప్పని మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్ళం కాదేమో. అందరూ చేసేదే మేమూ చేశాం.

కొన్నేళ్ళ కిందట జిల్లాను పచ్చగా మార్చే ప్లాను వచ్చింది. గాలిలో కార్బన్ తగ్గాలట. దానికోసం ఆఫీసుల మీద సోలార్ పలకలు పెట్టాలి, కరెంటు బస్సులు నడపాలి, కట్టెల పొయ్యిలు తగ్గాలి, బోడి గుట్టలన్నిటి మీదా చెట్లు లేవాలి. ఊళ్ళో మైకు పెట్టి చెప్పారు. చెట్ల దగ్గరికి వచ్చేసరికి మా గుట్ట పేరు చదివారు. నెల తిరక్కుండా చుట్టూ ఇనుప కంచె వేశారు. మేకలు లోపలికి పోకూడదు. గడ్డి కోయకూడదు. అగ్గి మాట ఎత్తకూడదు. కానుగ, వేప, నేరేడు, సీతాఫలం మొక్కలు నాటారు. వాటికి నీళ్ళు పోయడానికి గుట్ట నడుమ సిమెంటు తొట్టి కట్టారు. వారం వారం ట్యాంకరు వచ్చి దాన్ని నింపాలి, అక్కడి నుంచి బిందెలతో మొక్కలకు మోయాలి. ఆ పనికీ కాపలాకీ మహిళా సంఘం నుంచి నన్ను పెట్టారు. నోరు పెద్దది, ఎవర్నీ లోపలికి రానివ్వదని సంఘంలో అందరూ ఒకే మాట మీద నా పేరు చెప్పారు.

నాయన మేకలన్నీ అమ్మేశాడు. గోరంట్ల నుంచి వచ్చిన వ్యాపారి వాటిని బండెక్కిస్తుంటే ఇంట్లోంచి బయటికి రాలేదు. తర్వాత మాత్రం నన్ను ఏడిపించడమే పనిగా పెట్టుకున్నాడు.

"ఏం పాపా, నువ్వు చెంబెడు నీళ్ళు పోస్తే ఆకాశం సల్లబడతాదా?"

"చల్లబడుతుంది. నీ నోట్లో ఒక చెంబెడు పోస్తే ఇల్లు కూడా చల్లబడుతుంది."

కానీ నిజం చెప్పాలి, నాకు ఆ మొక్కలంటే ఇష్టం పుట్టింది. ఎండలు నా చిన్నప్పటి మాదిరి లేవు. వేరుశనగ వేసిన వాళ్ళు ఆకాశం వైపు చూసి చూసి మెడలు పట్టేసినా చినుకు పడదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలి కదా అనిపించేది. నేరేడు మొక్క కొత్త ఆకు వేసినప్పుడల్లా ఇంటికి వచ్చి నాయనతో చెప్పేదాన్ని. ఆయన ఎగతాళి చేసేవాడు, మర్నాడు నేను చూడకుండా పోయి చూసి వచ్చేవాడు.

మూడు వానాకాలాలు గడిచాయి. మేకలు లేవు, కొడవలి లేదు, నిప్పు లేదు. బోద నా నడుము దాటింది. మొక్కలు దానిలో దాక్కునేవి, ఏ మొక్క ఎక్కడుందో కాలితో వెతుక్కోవలసి వచ్చేది. ఒక సాయంత్రం నాయన కంచె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఎగతాళి చెయ్యలేదు.

"పచ్చగా ఉండేదంతా చెట్టు కాదు పాపా. ఎండలు ముదిరితే ఇదంతా అగ్గిపెట్టే. మీ సారుకు చెప్పు."

చెప్పాను. మొక్కల పని చూసే సారు మంచివాడే, కుర్రాడు. గడ్డి కూడా కార్బన్ పట్టుకుంటుందమ్మా, నేల తడి కాపాడుతుంది, కోయడానికి ప్లానులో లేదు, పైకి రాస్తాను అన్నాడు. రాశాడో లేదో నాకు తెలియదు. ఆ పైవాళ్ళు ఎంత పైన ఉంటారో అంతకన్నా తెలియదు.

ఆ ఏడు ఎండలు ముదిరాక హిందూపురంలో పెద్ద మీటింగు పెట్టారు. అన్ని మండలాల నుంచి మొక్కలు కాసే ఆడవాళ్ళు రావాలి. బాగా పెంచిన వాళ్ళకు శాలువా కప్పుతారట. ఆ పేర్లలో నాదీ ఉందని సారు ఫోన్ చేశాడు.

"ఈ ఎండల్లో శాలువా ఏం చేసుకుంటావే? గొడుగు ఇయ్యమను" అన్నాడు నాయన. మళ్ళీ ఆయనే, "నీ బదులు గుట్టకాడికి నేను పోతాలే. పొయ్యి రా. నీ ముఖం కూడా రోంత నలుగురూ చూడనీ" అన్నాడు.

పొద్దున్నే సంగటి చేసి, ఊరిబిండి పచ్చడి నూరి, ఆయనకు టిఫినులో పెట్టాను. నా పాత ఫోను ఆయన జేబులో వేశాను. ఆయన ఫోను ఎత్తే మనిషి కాదు. "మోగితే గుండెకాడ గుబగుబమంటాది, నాకేలే అది" అంటాడు. అయినా వేశాను. గాలి అప్పటికే లేచింది. కంచె గేటు దగ్గర చివరి మాటగా చెప్పాను, "నాయనా, ట్యాంకరు రాక శానా దినాలైంది. తొట్లో నీళ్ళు అడుగంటినాయి. ఉన్న నీళ్ళు ఎత్తి నేరేడు మొక్కలకు పోసెయ్, వాడిపోతాండాయి."

"సరే పో, బస్సు పోతాది" అన్నాడు.

మీటింగు హాల్లో ఏసీ. తెర మీద జిల్లా మ్యాపు, దానిపైన పచ్చ రంగు. పోయిన ఏడు ఇంత, ఈ ఏడు ఇంత అని చూపిస్తున్నారు. నా పక్కన కనగానపల్లి వైపు నుంచి వచ్చిన ఒక అక్క కూర్చుంది, నాకన్నా కాస్త పెద్దది. వాళ్ళ ఊరి గుట్టల మీద గాలిమరలున్నాయి. "మా ఊర్లో ఆకాశంలో ఫ్యాన్లు ఒకటే తిరగడం. ఇంట్లో ఫ్యాను మాత్రం తిరగదు మా, కరెంటుండదు" అని నా చెవిలో చెప్పింది. ఇద్దరం నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాం. ఆ నవ్వు నోట్లో ఉండగానే ఫోను గుర్రుమంది.

ఊరి గ్రూపులో వీడియో. పరుగెత్తుతూ తీసినట్టుంది. ముందు పొగ తప్ప ఏమీ తెలియలేదు. తర్వాత కంచె తీగలు కనపడ్డాయి, నేను రోజూ చీర తగిలించుకుని తిట్టుకునే తీగలు. వాటి వెనక మంట. మోకాలెత్తు మంట కాదు, మనిషెత్తు. గాలికి అది నిలువుగా కూడా లేదు, పడుకుని పరుగెత్తుతోంది. ఎవరో అరుస్తున్నారు, "పైన మనిషుండాడప్పా, పైన మనిషుండాడు" అని.

తెర మీద ఇంకా పచ్చ మ్యాపు ఉంది. అందులో మా గుట్ట కూడా ఎక్కడో పచ్చగా ఉండే ఉంటుంది. లేచి నిలబడ్డాను. ముందువరసలోంచి ఎవరో "కూర్చోమ్మా, పేర్లు పిలుస్తారు" అన్నారు. "మీ పేర్లు పాడుగాను, మా నాయన కాలిపోతాండాడు" అన్నాను. హాలంతా వినిపించింది. ఎవరేమన్నారో నాకు తెలియదు. కనగానపల్లి అక్క నా సంచీ కూడా తీసుకుని వెనకే వచ్చింది. ఆమె ఎందుకు వచ్చిందని ఈనాటికీ అడగలేదు.

ధర్మవరం బస్సు కదలబోతుంటే ఎక్కాం. సీట్లో కూర్చుని నాయనకు ఫోను చేశాను. మోగింది. మోగుతూనే ఉంది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ మోగింది. ఏనాడూ ఎత్తని మనిషి అప్పుడు ఎత్తుతాడని నేనెందుకు అనుకున్నానో! కానీ మోగుతుంటే ఒక ధైర్యం. ఆయన జేబులో, ఆయన గుండె దగ్గర అది గుబగుబమంటోంది కదా, గుండె ఉన్నట్టే కదా అని. చెవికి పెట్టుకుని ఆ మోతనే వింటూ కూర్చున్నాను.

సోమందేపల్లి చేరకముందే ఆ మోత ఆగిపోయింది. ఫోను స్విచ్ ఆఫ్ అయిందని ఒక ఆడగొంతు చల్లగా చెప్పింది. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో.

ఫోన్లో ఆ వీడియో మళ్ళీ తెరిచాను. నాయన ఏం చేసి ఉంటాడో నాకు కళ్ళకు కట్టినట్టు తెలుసు. కానుగ కొమ్మ విరుచుకుని ఉంటాడు. పారిపోయి ఉండడు. అవి నా మొక్కలు కదా. మంట వెనక నుంచి పోవాలి, కాలిన నేల మల్ల కాలదు, అనుకుంటూ ఆ పాత అగ్గి అనుకునే పైకి పోయి ఉంటాడు. ఆయనకు తెలిసిన అగ్గి మేకలు మేసిన గడ్డిలో పుట్టింది. ఇది మూడేళ్ళు ఎవరూ ముట్టని గడ్డిలో పుట్టింది. ఆ తేడా ఆయనకు ఎవరు చెబుతారు? కంచె బయట నిలబడి నాకు చెప్పినవాడే, మంట చూసేసరికి మర్చిపోయి ఉంటాడు. అలవాటు అలాంటిది.

ఇక తొట్టి. ఒకవేళ తొట్టి దాకా పోగలిగినా, అందులో నీళ్ళు? ఎత్తి పోసెయ్యమని నేనే కదా చెప్పి వచ్చాను! నా మాట ఆయన వినే ఉంటే? నా జన్మలో మొదటిసారి, నాయన నా మాట వినకుండా ఉండాలని దేవుణ్ణి మొక్కుకున్నాను. పెనుకొండ దర్గాలో చక్కెర చదివింపులు చేయిస్తాను, చాదర్ కప్పుతాను, బతికుంటే చాలు అనుకున్నాను. పక్కన అక్క తన దేవుళ్ళను పేరుపేరునా పిలుస్తోంది.

ముందు సీటాయన వెనక్కి తిరిగి నా ఫోన్లోకి తొంగి చూశాడు. "ఏం మా, అది పెనుకొండ పక్క అగ్గేనా? ఆ వీడియో నాకు రోంత పంపు." ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. నేను నోరు తెరవకముందే అక్క అందుకుంది, "ఆడ ఆమె నాయనుండాడప్పా! వీడియో కావాలంటనే! తిరుగు ముందుకు!" ఆయన తిరిగాడు. కండక్టరు వచ్చి టికెట్టు అడగలేదు. డ్రైవరు దగ్గరికి పోయి ఏదో చెప్పాడు. బస్సు వేగం పెరిగింది.

పెద్ద రోడ్డెక్కగానే పొగ కనపడింది. ఉత్తరాన ఆకాశం పసుపు రంగుగా ఉంది. బస్సులో అందరూ అటే చూశారు. నేను మాత్రం తల వంచుకుని నా చెప్పులు చూసుకున్నాను. చూడకపోతే జరగనట్టు.

పెనుకొండ దాటాక మా ఊరి మలుపులో దిగి ఆటో పట్టుకుని గుట్ట కిందికి చేరేసరికి ఫైరింజను నిలబడి ఉంది. దానికి పైకి దారి లేదు. పైపు ఎంత లాగినా కంచె దాటలేదు. ఊరివాళ్ళు కొమ్మలు పట్టుకుని నిలబడ్డారు, ముఖాలు నల్లగా ఉన్నాయి. నన్ను చూడగానే అందరూ మాట ఆపేశారు. అంతకన్నా భయపెట్టేది లోకంలో ఇంకొకటి లేదు, మనల్ని చూసి ఊరంతా నోరు మూసుకోవడం.

"మా నాయన యాడ?"

ఒకాయన చెప్పాడు. "పైకి పోయినాడు మా. కొమ్మ పట్టుకోని. వద్దని అందరమూ మొత్తుకుంటిమి, ఇనలే."

"ఎనకాల నుంచే పోయినాడు కదా? కాలిన నేల మీదనే కదా?"

"ఎనకాలనే పోయినాడు. గాలి తిరిగె కదా మా. ఎనకేదో ముందేదో మాకే తెలీలే."

మంట అప్పటికి గుట్ట అవతలి వైపు దిగిపోయింది. ఇవతల అంతా నలుపు. నేను పైకి నడిచాను. ఆగమన్నారు, నేల చల్లారలేదన్నారు. ఆగలేదు. చెప్పుల అడుగు మెత్తబడి అతుక్కుంటోంది. అక్కడక్కడ తంగేడు మొదళ్ళు ఇంకా పొగలు కక్కుతున్నాయి. మొక్కల చుట్టూ పేర్చిన రాళ్ళు అలాగే గుండ్రంగా ఉన్నాయి, నడుమ ఏమీ లేదు. ఒకచోట నా టిఫిను క్యారియరు దొరికింది. నల్లగా అయింది కానీ మూత ఊడలేదు. ఆయన తినలేదు. అది చూసి నాకు కోపం ఆగలేదు. "సంగటి కూడా తినలే, సచ్చినోడా!" అని కన్నతండ్రిని పట్టుకుని కేక పెట్టాను. ఏడుపు అప్పుడొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని నడిచాను.

తొట్టి కనపడింది. గోడలు మసిబారి నిలబడి ఉంది. దాని దగ్గరికి పోయి ఆగిపోయాను. గోడ నా నడుమెత్తు ఉంటుంది, తల వంచితే చాలు. వంచలేకపోయాను. నీళ్ళు లేకపోతే ఏం కనపడుతుందో నాకు తెలుసు. నీళ్ళు ఉండి ఆయన లేకపోతే ఇంకెక్కడ వెతకాలో తెలియదు. "నువ్వు చూడక్కా" అన్నాను. నా వెనకే ఎక్కి వస్తున్న ఆమె, ఆయాసంతో గోడ పట్టుకుని లోపలికి వంగింది.

"ఉండాడు" అంది. "ఉండాడు మా. కండ్లు తెరిసే ఉండాడు."

అడుగున మట్టి నీళ్ళలో నాయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముఖం మీద తడి తువ్వాలు. దాన్ని పట్టుకున్న చేతులు పైకి ఉన్నాయి. తొట్టి చిన్నది, కాళ్ళు చాపుకోవడానికి జాగా లేదు. మోకాళ్ళు ముడిచి నీళ్ళ పైకి పెట్టుకున్నాడు. వీపు, పొట్ట, తల నీళ్ళలో ఉన్నాయి. చేతులూ మోకాళ్ళూ పైన ఉండిపోయాయి. వాటిని నేను వర్ణించను.

నేను లోపలికి దిగి ఆయన తల పట్టుకున్నాను. నన్ను చూసి మొదట అన్నమాట, "నేను పెట్టలే పాపా. అగ్గి నేను పెట్టలే." ఎవరడిగారు? ఆ మంటల నడుమ పడుకుని ఆయన భయపడింది చావుకు కాదు, ఊరంతా తననే అంటుందేమోనని. "నాకు తెలుసు నాయనా, నువ్వు పెట్టలే" అని ఎన్నిసార్లు చెప్పానో. ఎవరు పెట్టారో, బీడీనో, కరెంటు తీగల రాపిడో, ఈనాటికీ తెలియదు. తర్వాత టీ అంగడి దగ్గర ఒకరిద్దరు నాయన పాత అలవాటు గుర్తు చేసుకున్నారట. నేను ఆ అంగడి ముందు నిలబడి మాట్లాడిన మాటలు ఇక్కడ రాస్తే మీరు పుస్తకం మూసేస్తారు.

మంచం మీద కిందికి దించి, ధర్మవరం ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ వార్డులో చాలా వారాలు ఉన్నాం. కనగానపల్లి అక్క బస్సెక్కి వచ్చి రొట్టెలు ఇచ్చి పోయేది. డ్రెస్సింగు మార్చేటప్పుడు నాయన అరవడు, అరిచేది నేను. నర్సమ్మలు నన్ను బయటికి పంపేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం ఆయనే చెప్పాడు. "అదే అగ్గి అనుకున్నా పాపా. చిన్నప్పటి నుంచి దాంతో తిరిగినోణ్ణి కదా. దగ్గరికి పోతే అది నన్ను గుర్తు పట్టలే. ఎనక్కి తిరిగింది. కొమ్మ పారేసి ఉరికినా."

"తొట్టిలో ఉన్న నీళ్ళు మొక్కలకు పోసెయ్యమన్నాను కదా. ఎందుకు పోయలేదు?"

"ఎండలో పోస్తే ఆవిరైపోతాయి. పొద్దు గూకినాక పోద్దామని." మళ్ళీ ఆయనే అన్నాడు, "నీ మాట ఇనింటే నువ్వు గెలిసేదానివి, నేను పోయేవాణ్ణి."

ఆయన నవ్వాడు, నేను నవ్వలేకపోయాను. ఫోను సంగతి కూడా అప్పుడే తెలిసింది. తొట్టిలో దూకినప్పుడు జేబులో ఉన్న ఫోను నీళ్ళలో మునిగింది. బస్సులో మోత ఆగిపోయి నేను చచ్చినంత పనైన ఆ క్షణం, ఆయన నీళ్ళలో పడి బతికిన క్షణం. ఈ సంగతి తలుచుకుంటే ధైర్యం రావాలి. రాదు.

తర్వాతి వానకు కాలిన నేల నుంచి కానుగలు మళ్ళీ చిగురించాయి, వేర్లు బతికే ఉన్నాయట. కొత్త మొక్కలూ నాటారు. కాపలాకు నన్నే రమ్మన్నారు. మొహమాటం లేకుండా చెబుతున్నాను, పోనన్నాను. తర్వాత పోయాను. ఆ చిగుళ్ళను ఇంకొకరి చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు, ఇల్లు కూడా గడవాలి. చెట్లు వద్దని నేను ఏనాడూ అనను. చెట్ల పక్కన గడ్డిని ఏం చెయ్యాలో ప్లానులో రాయమంటాను, అంతే. మేకల్ని కాసేపు లోపలికి వదలండి, లేకపోతే మమ్మల్ని కోసుకోనివ్వండి, అగ్గి దాటకుండా చుట్టూ ఒక బాటంత నేలైనా చెక్కించండి అని ప్రతి మీటింగులో అడుగుతాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా పరవాలేదు, ఇక్కడ చేతులు కాలినా ఆకులు పట్టుకునేవాడు లేడు. పరిశీలిస్తాం అంటారు. మొన్న చూపించిన మ్యాపులో మా గుట్ట మళ్ళీ పచ్చగా ఉంది. పైనుంచి చూస్తే గడ్డి కూడా పచ్చగానే కనపడుతుంది. వానాకాలం పోయి ఎండలు వస్తున్నాయి. బోద మళ్ళీ నా తొడల దాకా లేచింది, గాలికి గలగలమంటోంది.

నాయన మోకాళ్ళు ఇప్పుడు వంగవు. నమాజు కుర్చీలో కూర్చునే చేస్తాడు. పొద్దున్నే కుర్చీ వాకిట్లోకి లాక్కుని గుట్ట వైపు తిరిగి కూర్చుంటాడు. నేను పొయ్యి అంటిస్తే ఉలిక్కిపడతాడు. ఏనాడూ ఫోను ఎత్తని మనిషికి ఇప్పుడు చేతిలో ఎప్పుడూ ఫోనే. ఎండ ఎక్కేకొద్దీ చేస్తూనే ఉంటాడు.

"యాడుండావు పాపా?"

"ఈడనే నాయనా, కొత్త నేరేడు మొక్కలకాడ."

"గాలి యాటికి తిరిగుండాది?"

చెబుతాను. ఆ తర్వాత అడిగేది ఎప్పుడూ ఒకటే. "తొట్లో నీళ్ళుండాయా?"

ట్యాంకరు ఈ ఏడు కూడా సరిగ్గా రాదు. మొదట్లో ఒకసారి, తొట్టిలో ఎండుటాకులు తప్ప ఏమీ లేకపోయినా "ఉండాయి నాయనా" అన్నాను. ఆయన "మంచిది" అని పెట్టేశాడు. ఆ రోజంతా నేను తొట్టి వైపు చూడలేకపోయాను. మర్నాటి నుంచి కింద బోరు దగ్గర బిందె నింపి, నెత్తిన పెట్టుకుని పైకి ఎక్కుతున్నాను. మొక్కలకు పోసేవి వేరే, ఇవి వేరే. ఇవి ముట్టను. ఒకరోజు సారు చూసి, మొక్కల మీద ఈమెకెంత ప్రేమో అని ఫోటో తీసుకున్నాడు. తీసుకోనీ అనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం పెనుకొండ వైపు సన్నగా పొగ లేచింది. ఇటుకల బట్టీదని తర్వాత తెలిసింది. కానీ అది చూడగానే నా కాళ్ళు వాటంతట అవే తొట్టి దగ్గరికి పరుగెత్తాయి. గోడ పట్టుకుని వంగి చూశాను. ఇన్నాళ్ళు బిందె బిందె మోసిన నీళ్ళు అడుగున కదులుతున్నాయి. అప్పుడే ఫోను మోగింది. ఆయనకూ పొగ కనపడింది.

"తొట్లో నీళ్ళుండాయా పాపా?"

"ఉండాయి నాయనా." ఈసారి అబద్ధం కాదు కాబట్టి గట్టిగానే చెప్పాను.

"ఎంత లోతు?"

చెయ్యి ముంచి చూశాను. "జానెడు."



"చాలదు పాపా" అన్నాడు. "మోకాళ్ళు మునగవు."